పర్చేజ్ ఆర్డరులో కార్మికుల హక్కులకూ చోటుండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

శ్రీసిటీకో, రేణిగుంటకో, తడకో కొత్త పరిశ్రమ వస్తున్నదంటే మీ జిల్లా పేజీలో భూమి ఎన్ని ఎకరాలు, పెట్టుబడి ఎన్ని కోట్లు, ఉద్యోగాలు ఎన్ని వేలు అన్న వివరాలు ప్రముఖంగా వస్తాయి. రావలసినవే. అయితే ఆ ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలకు జీతం ఏ తేదీన అందుతుంది, ఓవర్‌టైముకు ఎంత కట్టిస్తారు, యంత్రంలో చెయ్యి పడితే వైద్యం ఎవరు చేయిస్తారు అన్న విషయాలు చాలావరకు ఆ ఫ్యాక్టరీ యజమాని చేతిలో కూడా ఉండవు. ఆ ఫ్యాక్టరీ సరుకును కొనే కంపెనీ ఎంత ధర ఇస్తుంది, ఎన్ని రోజుల గడువు ఇస్తుంది, డబ్బు ఎప్పుడు చెల్లిస్తుంది అన్నదాన్ని బట్టి అవి ముందే నిర్ణయమైపోతాయి. ఆ మూడూ రాసి ఉండే సరఫరా ఒప్పందం గురించి మన జిల్లాలో ఎవరూ మాట్లాడటం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

నేను రేణిగుంట సమీపంలోని ఒక కర్మాగారంలో కొనుగోళ్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా కంపెనీ చిన్న యూనిట్ల దగ్గర ప్లాస్టిక్ భాగాలు, అట్టపెట్టెలు, రేకు పనులు చేయించుకునేది. మా దగ్గర అంతకంటే పెద్ద కంపెనీలు కొనేవి. పైనుంచి వచ్చే షరతులను చదవడం, కిందివారికి పోయే షరతులను రాయడం రెండూ నా ఉద్యోగంలో భాగాలే. సరుకు పంపమని కొనేవాడు రాసిచ్చే పర్చేజ్ ఆర్డరు ముందు పేజీలో ధర, పరిమాణం, డెలివరీ తేదీ ఉంటాయి. వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో జనరల్ కండిషన్లు ఉంటాయి. కొన్నేళ్లుగా ఆ వెనక పేజీల్లో ఒక కొత్త పేరా కనిపిస్తోంది. సరఫరాదారు బాలలను పనిలో పెట్టుకోకూడదు, వెట్టిచాకిరి ఉండకూడదు, కనీస వేతనం తప్పక ఇవ్వాలి, కార్మికులు సంఘం పెట్టుకునే హక్కును గౌరవించాలి, వీటిలో దేనిని ఉల్లంఘించినా కొనుగోలుదారు ఆర్డరును అప్పటికప్పుడు రద్దు చేయవచ్చు, అందువల్ల కలిగే నష్టమంతా సరఫరాదారే భరించాలి అని ఆ పేరా చెబుతుంది. చదివితే మంచి మాటలే. కానీ అదే ఆర్డరు ముందు పేజీలో ధర గత ఏడాది కంటే తగ్గి ఉంటుంది, మూడు వారాల గడువు పది రోజులై ఉంటుంది, ఆలస్యమైతే వారానికి ఇంత శాతం ఎల్‌.డి. కింద (ఆలస్యానికి జరిమానాగా) కోత పెడతామని ఉంటుంది. అంత తక్కువ గడువులో సరుకు ఇవ్వాలంటే మనుషులను రాత్రింబవళ్లు నిలబెట్టక తప్పదు. వెనక పేజీ అది చేయకూడదంటుంది. ముందు పేజీకి తప్పితే బిల్లులో కోత ఖాయం, వెనక పేజీకి తప్పితే ఎవరైనా వచ్చి చూస్తే తప్ప ఏమీ జరగదు. అలాంటప్పుడు చిన్న యూనిట్ యజమాని దేనికి కట్టుబడతాడో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పేరా ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చెప్పాలి. 2011 జూన్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి వ్యాపారమూ మానవ హక్కులూ అనే అంశంపై 31 మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. జాన్ రగ్గీ అనే ఆచార్యుడు ఐరాస ప్రధాన కార్యదర్శి ప్రత్యేక ప్రతినిధిగా ఉండి వాటిని రూపొందించారు. హక్కులను కాపాడటం ప్రభుత్వ విధి, వాటిని గౌరవించడం కంపెనీల బాధ్యత, భంగం కలిగినప్పుడు బాధితులకు పరిహారం దొరికే మార్గం ఉండాలి అన్నది వాటి సారాంశం. ఆ తరువాత 2017లో ఫ్రాన్స్, 2023 నుంచి జర్మనీ తమ పెద్ద కంపెనీలు సరఫరా గొలుసులో కార్మికుల పరిస్థితిని చూసుకోవాలని చట్టాలు తెచ్చాయి. ఐరోపా సమాఖ్య 2024లో ఇలాంటి ఆదేశాన్నే ఆమోదించి, మరుసటి ఏడాది దాని అమలును వాయిదా వేసింది. ఈ చట్టాల ఒత్తిడితోనే అక్కడి కొనుగోలుదారులు ఇక్కడి ఫ్యాక్టరీలకు ప్రశ్నావళులు, హామీ పత్రాలు పంపుతున్నారు. చాలామంది తమ మీద ఉన్న బాధ్యతను ఒక సంతకంతో కిందివాడి మీదికి నెట్టి, తమ ఫైలు పూర్తి చేసుకుంటున్నారు. నా అభ్యంతరం ఈ ధోరణి మీదే. ఒప్పందంలో హక్కులు రాయడం మీద కాదు.

ఇలాంటి పేరాలను నమ్ముకున్న కార్మికులకు కోర్టులో ఏమైందో చూడండి. చైనా, బంగ్లాదేశ్, ఇండొనేసియా, స్వాజీలాండ్ (ఇప్పటి ఎస్వాతిని), నికరాగువా దేశాల ఫ్యాక్టరీ కార్మికులు అమెరికాలో వాల్‌మార్ట్ మీద దావా వేశారు. తమ యజమానులతో ఆ కంపెనీ చేసుకున్న సరఫరా ఒప్పందాల్లో వేతనాలు, పనిగంటలు, భద్రతకు సంబంధించిన ప్రమాణాలు రాసి ఉన్నాయి కాబట్టి, వాటిని అమలు చేయించే బాధ్యత కూడా ఆ కంపెనీకి ఉందని వారు వాదించారు. 2009లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. కొనుగోలుదారు తనిఖీ చేసే హక్కును తన దగ్గర ఉంచుకున్నాడే తప్ప తనిఖీ చేస్తానని ఎవరికీ మాట ఇవ్వలేదనీ, ఆ ఒప్పందం కింద ఏదైనా కోరే హక్కు కార్మికులకు లేదనీ చెప్పింది. ఆ తీర్పు ఒప్పందంలో ఉన్న మాటలను ఉన్నట్టుగానే చదివింది. మాటలను అలా రాసినవారిదే ఆ ఫలితం.

తనిఖీల సంగతి ఇంకా దిగులు కలిగిస్తుంది. 2012 సెప్టెంబరు 11న కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప చువ్వలు, బయటపడటానికి దారిలేని తలుపులు. కొన్ని వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి కార్మికుల పని పరిస్థితులు బాగున్నాయని ఎస్‌ఏ 8000 ధ్రువపత్రం ఇచ్చారు. తేదీ ముందే చెప్పి, యజమాని ఎంపిక చేసిన మనుషులతో, మేనేజరు పక్కన నిలబడి ఉండగా మాట్లాడి రాసుకునే నివేదికల మీద నాకు ఎన్నడూ నమ్మకం కలగలేదు. ఆడిటర్ వస్తున్నాడంటే గోడలకు సున్నం వేయించి, మంట ఆర్పే సిలిండర్లను తుడిపించి, హాజరు పుస్తకాన్ని కొత్తగా రాయించే ఏర్పాట్లు పరిశ్రమల్లో పనిచేసిన ఎవరికైనా తెలిసినవే.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా మరణించాక గాని ఒప్పందాల స్వభావం మారలేదు. ముందురోజే గోడలు బీటలు వారాయి, కింది అంతస్తులో బ్యాంకు మూసేశారు, పైన బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు. ఆ దుర్ఘటన జరిగిన నెలలోపే అంతర్జాతీయ కార్మిక సంఘాలకూ దుస్తుల బ్రాండ్లకూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. బంగ్లాదేశ్ అకార్డ్ అని దానికి పేరు. రెండు వందలకు పైగా బ్రాండ్లు సంతకాలు చేశాయి. దానిలో మూడు విషయాలు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. మొదటిది, కార్మిక సంఘాలు అందులో సంతకం చేసిన పక్షాలు. కాబట్టి అడిగే హక్కు వాటికి ఉంది. రెండవది, ఫ్యాక్టరీ భవనాన్ని బాగు చేసుకోవడానికి వీలయ్యేలా ధరలు, షరతులు మాట్లాడుకోవలసిన బాధ్యత కొనుగోలుదారు మీద పెట్టారు. మూడవది, మాట తప్పితే మధ్యవర్తిత్వానికి లాగవచ్చు. 2016లో రెండు బ్రాండ్ల మీద సంఘాలు అలాగే కేసు వేశాయి. హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆధ్వర్యంలో విచారణ సాగింది. వాటిలో ఒకటి 23 లక్షల డాలర్లకు రాజీ అయి, అందులో ఎక్కువ భాగం 150కి పైగా ఫ్యాక్టరీల మరమ్మతులకు వెళ్లింది. ఒప్పందం సరిగ్గా రాస్తే మంటలు వ్యాపించకుండా ఆపే తలుపులు, గోడలను బలపరచే పనులు కూడా దానినుంచి వస్తాయని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

సరిగ్గా రాయడమంటే ఏమిటో న్యాయవాదులు కూడా ఆలోచించారు. అమెరికన్ బార్ అసోసియేషన్‌కు చెందిన ఒక బృందం 2021లో సరఫరా ఒప్పందాలకు నమూనా నిబంధనలు విడుదల చేసింది. సరఫరాదారు చేత తప్పులేదని ప్రమాణం చేయించడం మానేసి, ఇద్దరూ కలిసి తప్పు ఎక్కడ జరిగే అవకాశముందో వెతకాలనీ, దొరికితే దాచకుండా చెప్పాలనీ అవి కోరతాయి. కొనుగోలుదారు కూడా కొన్నిటికి కట్టుబడాలి: గడువు మధ్యలో డిజైన్ మార్చి, పరిమాణం పెంచి, తేదీ మాత్రం మార్చకుండా ఉంచితే ఆ ఒత్తిడికి తాను కూడా బాధ్యుడే. హక్కుల ఉల్లంఘన బయటపడినప్పుడు ఆర్డరు రద్దు చేసుకుని వెళ్లిపోవడం కంటే ముందు నష్టపోయిన కార్మికులకు పరిహారం ఇప్పించి, లోపాన్ని సరిదిద్దడానికి సమయం ఇవ్వాలి. చివరికి వెళ్లిపోక తప్పకపోయినా చేసిన పనికి డబ్బు ఇచ్చి, ముందుగా తెలియజేసి వెళ్లాలి.

ఈ చివరి మాట నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పాశ్చాత్య బ్రాండ్లు ఒక్క బంగ్లాదేశ్‌లోనే సుమారు 300 కోట్ల డాలర్ల ఆర్డర్లను రద్దు చేయడమో నిలిపివేయడమో చేశాయని అక్కడి ఎగుమతిదారుల సంఘం లెక్క చెప్పింది. వాటిలో కుట్టడం పూర్తయిన సరుకు కూడా ఉంది. ఒప్పందంలోని అనివార్య పరిస్థితుల నిబంధన (చేతిలో లేని విపత్తు వస్తే మాట నుంచి తప్పుకోవచ్చన్న షరతు) కొనుగోలుదారుకు తలుపు తెరిచింది. కుట్టిన మనిషికి జీతం ఇవ్వవలసిన బాధ్యత మాత్రం కింద మిగిలింది. బాలకార్మికుడు కనిపించాడని ఆర్డరు రద్దు చేస్తే జరిగేది కూడా ఇంతే. ఫ్యాక్టరీ మూతపడుతుంది, ఆ పిల్లవాడు మరో చీకటి షెడ్డుకు పోతాడు, అతని తల్లి పని కూడా పోతుంది. అందువల్ల రద్దు చేసే అధికారాన్ని హక్కుల రక్షణగా చూపించడాన్ని నేను ఒప్పుకోలేను.

ఇక డబ్బు చెల్లించే గడువు సంగతి. కార్మికుల హక్కులంటే అందరికీ బాలకార్మికులు, వెట్టి గుర్తుకొస్తాయి. ఆలస్యమైన బిల్లు గుర్తుకు రాదు. ఏ పారిశ్రామిక వాడలోనైనా జీతాలు ఆలస్యం కావడానికి అతి సాధారణమైన కారణం అదే. పదిహేను మందితో నడిచే ఒక మౌల్డింగ్ షెడ్డుకు పెద్ద కంపెనీ తొంభై రోజులకు డబ్బు ఇస్తుందనుకోండి. ముడిసరుకు అప్పుగా దొరకదు, కరెంటు బిల్లు ఆగదు, బ్యాంకు వాయిదా ఆగదు. ఆగేది ఒక్క జీతమే, ఎందుకంటే అడిగితే పని పోతుందేమోనన్న భయం ఉన్నది కార్మికుడికి ఒక్కడికే. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన రేటుకు మూడు రెట్ల వడ్డీని నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. చట్టం ఇంత గట్టిగా ఉన్నా ఫిర్యాదు చేసే యూనిట్లు తక్కువ, ఎందుకంటే ఫిర్యాదు చేసినవాడికి మరుసటి ఆర్డరు రాదు. కాబట్టి కొనుగోలుదారు తన ఒప్పందంలోనే బిల్లు గడువును కార్మికుల జీతం తేదీకి ముడిపెట్టాలి. జీతాలకు సరిపడే భాగాన్ని ఆ తేదీకి ముందే విడుదల చేస్తానని రాయాలి. ఒక మానవ హక్కుల పేరా కంటే ఈ ఒక్క షరతు ఎక్కువ పని చేస్తుందని అనుభవంతో చెబుతున్నాను.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు పరిశ్రమను తీసుకుంటే ఈ గొలుసు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తోతాపురి కాయ దామలచెరువు, బంగారుపాళ్యం, పూతలపట్టు, తవణంపల్లె వైపు తోటల నుంచి ట్రాక్టర్లలో ఫ్యాక్టరీకి చేరుతుంది. గుజ్జు డ్రమ్ముల్లోకి చేరి, పానీయాల కంపెనీలకూ గల్ఫ్, ఐరోపా దేశాలకూ పోతుంది. 2025 సీజనులో ధర పడిపోయి ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలుగా నిర్ణయించి, ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలనీ, తాను 4 రూపాయలు ఇస్తాననీ ప్రకటించింది. రైతు కష్టం గురించి పత్రికలన్నీ రాశాయి, రాయాలి కూడా. అదే సమయంలో అదే ప్రాంగణంలో కాయలు ఏరే బెల్టు దగ్గర, కడిగే తొట్ల దగ్గర తడి నేల మీద గంటల తరబడి నిలబడి పనిచేసే ఆడవాళ్ల రోజుకూలి ఎంత, రాత్రి షిఫ్టు ముగిశాక వాళ్లు ఊరికి ఎలా చేరతారు అన్నది ఎవరి దృష్టికీ రాలేదు. గుజ్జు కొనే కంపెనీ తన ఒప్పందంలో తీపి శాతం, పులుపు, రంగు, పురుగుమందుల అవశేషాల పరిమితి దశాంశ స్థానాలతో సహా రాస్తుంది. ఒక డ్రమ్ము ఆ పరిమితి దాటితే వెనక్కి పంపుతుంది. ఆ డ్రమ్మును నింపినవారికి కనీస వేతనం అందిందా అన్నదాన్ని కూడా సరుకు నాణ్యతలో భాగంగానే రాయవచ్చు. నేను పైన చెప్పిన అమెరికా నమూనా నిబంధనల్లో అటువంటి ఏర్పాటే ఉంది: కార్మికుల హక్కులను కాలరాసి తయారుచేసిన సరుకును ఒప్పందానికి సరిపడని సరుకుగా పరిగణించవచ్చు.

పంట పొలం దాకా ఇది సాధ్యమేనా అని అడిగేవారికి ఫ్లోరిడా టమాటా కూలీల ఉదాహరణ చూపిస్తాను. పలమనేరు, వి.కోట మార్కెట్లు చూసినవాళ్లకు టమాటా లెక్క సులువుగా అర్థమవుతుంది. ఫ్లోరిడాలో ఇమోకలీ అనే ఊరి కూలీలు తోట యజమానులతో ఏళ్లతరబడి పోరాడి, ధరను శాసించేది హోటళ్లూ సూపర్ మార్కెట్లూ అని గ్రహించి వాళ్లనే నిలదీశారు. ఒక్కో కంపెనీతో కట్టుబడక తప్పని ఒప్పందం చేసుకున్నారు. కంపెనీ పౌండు టమాటాకు ఒక సెంటు అదనంగా ఇవ్వాలి, అది కూలీలకు చేరాలి. నియమావళిని ఉల్లంఘించిన తోట నుంచి కొనకూడదు. తోటల్లో తనిఖీ చేయడానికి, ఫిర్యాదులు తీసుకోవడానికి విడిగా ఒక సంస్థ ఉంది. 2014లో వాల్‌మార్ట్ కూడా ఆ పథకంలో చేరింది. ఒకప్పుడు కూలీలను బంధించి పనిచేయించిన కేసులు నడిచిన పొలాల్లో ఈ మార్పు వచ్చింది. మన దగ్గర టమాటా ధర ఒకనాడు ఆకాశంలో, మరునాడు రోడ్డు మీద ఉంటుంది, కాబట్టి అదే నమూనాను యథాతథంగా తెచ్చుకోలేము. కానీ కెచప్, గుజ్జు కంపెనీలు ముందే రేటు కుదుర్చుకుని తీసుకునే సరుకు విషయంలో తప్పక ప్రయత్నించవచ్చు.

ఇంకా దగ్గరలో, తమిళనాడు దిండిగల్‌లో 2022 ఏప్రిల్‌లో ఒక ఒప్పందం కుదిరింది. బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక యువ దళిత కార్మికురాలు 2021 జనవరిలో హత్యకు గురైన తరువాత, మహిళలే నడిపే తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ పట్టుబట్టి సాధించిన ఒప్పందం అది. ఫ్యాక్టరీ యాజమాన్యంతో యూనియన్ ఒక ఒప్పందం చేసుకుంది. దానికి తోడుగా హెచ్‌ అండ్ ఎం, గ్యాప్, పీవీహెచ్ వంటి కొనుగోలుదారులతో వేరే ఒప్పందాలు జరిగాయి. వేధింపుల మీద ఫిర్యాదు వచ్చినప్పుడు యాజమాన్యం చర్య తీసుకోకపోతే బ్రాండ్లు వ్యాపారపరంగా ఒత్తిడి తేవాలి. ప్రతి పాతిక మంది కార్మికులకు ఒకరు చొప్పున శిక్షణ పొందిన మహిళా పర్యవేక్షకులు షెడ్డులోనే ఉండేలా ఆ ఒప్పందం ఏర్పాటు చేసింది. సూపర్‌వైజరు అసభ్యంగా మాట్లాడితే చెప్పుకోవడానికి పక్క కుర్చీలోనే మనిషి ఉండటమూ, ఆ మాటకు విలువ ఉంటుందని సూపర్‌వైజరుకు తెలిసి ఉండటమూ బయటినుంచి ఏడాదికొకసారి వచ్చే ఆడిటర్ ఎన్నటికీ ఇవ్వలేని రక్షణలు. శ్రీసిటీ, తడ, మాంబట్టు ప్రాంతాల పరిశ్రమల్లో వేలాది మంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు. దిండిగల్‌లో సాధ్యమైనది ఇక్కడ ఎందుకు సాధ్యం కాదో నాకు కారణం కనిపించడం లేదు.

మన చట్టంలో ఒక చిక్కు ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం కింద ఒప్పందంలో పక్షం కానివాడు దాని ఆధారంగా దావా వేయలేడన్నది స్థిరపడిన సూత్రం, ఎం.సి. చాకో కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అయితే ఆ మూడో మనిషి మేలు కోసం ట్రస్టు ఏర్పరచిన సందర్భాలకు మినహాయింపు ఉంది. కాబట్టి యూనియన్‌ను ఒప్పందంలో పక్షంగా చేర్చడమో, బిల్లులో కొంత భాగాన్ని కార్మికుల పేరిట ట్రస్టులో ఉంచడమో చేస్తే ఈ చిక్కు తొలగుతుంది. మన లాయర్లు ఇంతకంటే కష్టమైన పత్రాలు రోజూ రాస్తున్నారు.

చట్టాలున్నాయి కదా, ఒప్పందాలెందుకు అని కొందరు మిత్రులు అన్నారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కేంద్ర కార్మిక చట్టాలైన లేబర్ కోడ్‌ల ప్రకారం కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు 50 మంది, అంతకంటే ఎక్కువ ఉన్నచోట వర్తిస్తాయి. 1970 నాటి కేంద్ర చట్టంలో ఆ సంఖ్య 20. అంటే చిన్న కాంట్రాక్టర్ల కింద పనిచేసేవారిలో చాలామందికి ఆ రక్షణ సన్నగిల్లింది. చట్టం చెయ్యి అందని చోట ఒప్పందం అందుకోగలదు. పైగా ప్రభుత్వమే కొనుగోలుదారుగా ఉన్నప్పుడు బాధ్యత ఎంతటిదో సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనుల్లో కార్మికులకు రోజుకు 9 రూపాయల 25 పైసలు రావలసి ఉండగా కూలీలను తెచ్చే జమాదార్లు రూపాయి మినహాయించుకుని 8 రూపాయల 25 పైసలే చేతిలో పెట్టేవారు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందనీ, పనిని కాంట్రాక్టర్లకు అప్పగించామని చెప్పి ప్రభుత్వం తప్పించుకోజాలదనీ ఆ తీర్పు స్పష్టం చేసింది. ఆ కేసు మొదలైంది న్యాయమూర్తి భగవతికి అందిన ఒక లేఖతో.

ఆ రూపాయి ఇప్పటి టెండర్లలో కూడా కనిపిస్తుంది. అందరికంటే తక్కువ కోట్ చేసినవాడికి, అంటే ఎల్-1కు పని ఇవ్వాలన్నది నియమం. మనుషులను సరఫరా చేసే టెండర్లలో కాంట్రాక్టరు తన సర్వీసు చార్జీని దాదాపు సున్నాకు తెచ్చి గెలిస్తే, అతని లాభం ఎక్కడినుంచి వస్తుంది? కూలీ చేతికి వచ్చే జీతంలోంచి, కట్టని పీఎఫ్‌లోంచి, ఇవ్వని సెలవులోంచి వస్తుంది. అయితే ఇదే టెండర్ల పద్ధతిలో ఒక మంచి అలవాటు కూడా ఉంది. కాంట్రాక్టరు బిల్లుతో పాటు పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాలు జతచేయకపోతే చాలా కార్యాలయాల్లో అకౌంట్స్ విభాగం బిల్లు పాస్ చేయదు. యజమాని వాటాగా 3.25 శాతం ఈఎస్‌ఐ కట్టడం ఇష్టం లేని కాంట్రాక్టరు కూడా బిల్లు కోసం కడతాడు. ఒప్పందం షరతు డబ్బుకు ముడిపడితే అమలవుతుందని మన ఊరి గుమాస్తాలు రోజూ రుజువు చేస్తున్నారు. ఆ పద్ధతినే జీతం బ్యాంకు ఖాతాలో పడిన వివరాలకూ, రక్షణ పరికరాలకూ, కాంట్రాక్టరు కింద ఉన్న ఉపకాంట్రాక్టరుకూ విస్తరించమని కోరుతున్నాను.

తిరుపతిలో పెద్దఎత్తున కొనుగోళ్లు చేసే సంస్థల్లో తిరుమల తిరుపతి దేవస్థానాన్ని మించినది అరుదు. లడ్డూ ప్రసాదానికి వాడే శనగపిండి, చక్కెర, జీడిపప్పు, యాలకులు ఎక్కడెక్కడినుంచో వస్తాయి. జీడిగింజ పొట్టు నూనె తగిలి చేతులు కాలే ఆడవాళ్ల కష్టం ఉత్తరాంధ్రలో అందరికీ తెలిసిందే. చేతి తొడుగులు ఇస్తే చాలావరకు తప్పే బాధ అది. ఏ జీడిపప్పు టెండరులోనైనా గ్రేడు, తేమ శాతం, పగిలిన ముక్కల శాతం రాస్తారు. వాటి పక్కనే చేతి తొడుగులు, కనీస వేతనం, చలానాలు, ఫిర్యాదు చేయడానికి తెలుగులో ఒక ఫోన్ నంబరు కూడా రాయాలని దేవస్థానం ధర్మకర్తల మండలిని సవినయంగా ప్రార్థిస్తున్నాను. స్వామివారికి నివేదించే పదార్థం శుచిగా ఉండాలన్న మన పట్టుదలలో దానిని వొలిచినవారి క్షేమానికీ చోటు ఉంటుందని నమ్ముతున్నాను. నగరపాలక సంస్థ, విశ్వవిద్యాలయాలు, పెద్దాస్పత్రులు కూడా ఈ దారిన నడవవచ్చు.

దీనివల్ల ఖర్చు పెరిగి ఆర్డర్లు పక్క రాష్ట్రానికి పోతాయన్న భయం నిజమైనదే, దానిని నేను తేలిగ్గా తీసుకోను. చిన్న యూనిట్ యజమానులు కూడా చెడ్డవాళ్లు కారు. వారిలో చాలామంది నిన్నటి ఫోర్‌మన్‌లే. భారమంతా వారిమీద పెడితే వాళ్లు మునుగుతారు. అందుకే కొనుగోలుదారు ధరలో, గడువులో, చెల్లింపులో తన వంతు పంచుకోవాలని ఇంతసేపూ చెబుతున్నాను. గ్రానైట్ కోత యూనిట్‌లో రాతిదుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూ కోయడానికి అయ్యే ఖర్చును కొనేవాడు ధరలో కలపకుండా, సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రాకుండా చూసుకుంటానని యజమాని చేత సంతకం చేయించుకోవడం న్యాయం కాదు.

మీ పత్రికకు ఒక విన్నపం. మన దేశంలో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి తప్పనిసరిగా ఇచ్చే బాధ్యతా నివేదికలో ఒక ప్రశ్న ఉంది: మానవ హక్కుల నిబంధనలు మీ వ్యాపార ఒప్పందాల్లో భాగంగా ఉన్నాయా, ఉన్నదీ లేనిదీ చెప్పండి అని. నివేదికలు ఎవరైనా చదవవచ్చు. మన జిల్లాల్లో ఫ్యాక్టరీలున్న కంపెనీలు ఏమని జవాబిచ్చాయో మీ విలేకరులు చూసి, ఉన్నాయని రాసినవారిని ఆ నిబంధనల ప్రతిని, అందులో కొనుగోలుదారు బాధ్యతలేమిటో చూపమని అడగాలి. కొత్త పరిశ్రమ ప్రారంభోత్సవంలో ఎన్ని ఉద్యోగాలని అడిగిన నోటితోనే ఈ ప్రశ్న కూడా అడగాలి.

గుజ్జు విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. తోతాపురి కోతలు మొదలైతే ఫ్యాక్టరీకి ఊపిరి సలపదు, కొనుగోలు ఒప్పందాలు చాలావరకు అప్పటికే సంతకాలై ఉంటాయి. కాబట్టి చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్లు రైతులతో, ఫ్యాక్టరీ యజమానులతో జరిపే సీజను ముందు సమావేశాలకు గుజ్జు కొనే కంపెనీల ప్రతినిధులనూ, బెల్టు దగ్గర పనిచేసే మహిళల ప్రతినిధులనూ కూడా పిలవాలి; కాయ ధరతో పాటు కూలి, షిఫ్టు వేళలు, రాత్రి రవాణా, బిల్లు గడువు అదే కాగితం మీద రాయించాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత కొనుగోళ్ల విభాగం ఉద్యోగి,
తిరుపతి.